తత్త్వగ్రంథాలకు అనువాదకులెక్కడ?

తత్త్వశాస్త్ర గ్రంథాలను అనువదించగలవారు దొరకడం లేదన్న ఫిర్యాదు మన సభల్లోనూ పత్రికల్లోనూ తరచు వినిపిస్తూ వుంటుంది. కథలకు దొరుకుతారు, నవలలకు దొరుకుతారు, పద్యాలకైతే అడక్కుండానే వస్తారు. ఇబ్న్ రుష్ద్‌ను అరబ్బీనుంచి గాని, డెకార్ట్‌ను ఫ్రెంచినుంచి గాని తెలుగు చేయమంటే మాత్రం ఇంగ్లీషు ప్రతి ఎక్కడుందని అడిగేవారే తప్ప మూలం ఎక్కడుందని అడిగేవారు కనబడరు. ఈ స్థితి సహజమైనదే అన్నట్టు మనం ఊరుకున్నాము. అరబ్బీ, ఫ్రెంచి భాషల మధ్య తత్త్వగ్రంథాలు ఎలా రాకపోకలు సాగించాయో, ఆ రాకపోకల్లో మన హైదరాబాదు ఎంతపని చేసిందో పరిశీలిస్తే ఇలా ఊరుకోవడానికి ఏ ఆధారమూ లేదని తెలుస్తుంది.

నిజామాబాదు, బోధను ప్రాంతపు విద్యార్థికి ఇది దూరపు విషయంగా తోచవచ్చు. నిజానికి ఇది మన ఊళ్ళ పేర్లలోనే వుంది. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు శక్కర్‌నగర్. ఆ పేరులోని 'శక్కర్' మన 'శర్కర'యే. ప్రాకృతంగుండా పారశీకానికి పోయి 'శకర్' అయింది. అరబ్బీలో 'సుక్కర్' అయింది. ఫ్రెంచిలో 'సూక్ర్' అయింది. పారశీక రూపంతోనే మళ్ళీ మంజీర తీరపు చెరకు తోటల మధ్యకి వచ్చింది. ఈ మాటను ఏ పండితుడూ కూర్చుని అనువదించలేదు. సరుకు వెంట మాట నడిచింది. బేరగాళ్ళు మోశారు, ఓడలు మోశాయి, కూలీలు మోశారు.

భావాలు ఇలా నడవవు. చక్కెర రుచి చూసినవాడికి దాని పేరు ఒక్కసారి చెబితే చాలు. 'అస్తిత్వం' అన్నదాన్ని రుచి చూపించడం సాధ్యం కాదు. దాన్ని ఒక భాషలోనుంచి మరొక భాషలోకి తీసుకురావాలంటే ఎవరో ఒకరు రెండు భాషలూ నేర్చి, శాస్త్రమూ నేర్చి, ఏళ్ళతరబడి శ్రమపడాలి. ఆ ఏళ్ళపాటు అతనికి ఎవరో తిండి పెట్టాలి. అనువాద సమస్యలో చర్చకు రాకుండా దాగి వున్న అర్థశాస్త్రం ఇదే.

మొదట భాష సంగతి చూద్దాం. తెలంగాణ రైతు రోజూ వాడే మాటల్లో అరబ్బీ తత్త్వశాస్త్రపు పరిభాష ఎంత వుందో మనం గమనించం. 'తర్జుమా' అరబ్బీ మాట. తర్జుమా చేసేవాడు 'తర్జుమాన్'. ఆ మాటే ఫ్రెంచిలోకి పోయి 'డ్రోగ్మాన్' అనీ, 'త్రుష్మాఁ' అనీ రెండు రూపాలు పొందింది. 'అసలు' అరబ్బీలో వేరు, మూలం. 'నకలు' అంటే మనకి కాపీ. అరబ్బీలో 'నఖ్ల్' అంటే ఒకచోటినుంచి మరొకచోటికి చేర్చడం, అనువదించడం, తరతరాలుగా అందిన సంప్రదాయాన్ని అప్పగించడం కూడా. అరబ్బీ మేధావుల శతాబ్దాల వాదం 'అఖ్ల్'కూ 'నఖ్ల్'కూ మధ్య, అంటే తర్కానికీ అందిన మాటకూ మధ్య జరిగింది. 'అకల్ లేదా?' అని పిల్లవాణ్ణి కోప్పడే తల్లి నోట ఆ రెంటిలో ఒకటీ, పట్టాకు నకలు కోసం కచ్చేరీకి తిరిగే రైతు నోట రెండవదీ బతికి వున్నాయి.

'హక్కు' మాట చూడండి. అరబ్బీ 'హఖ్ఖ్' సత్యమూ అవుతుంది, న్యాయంగా రావలసిన వాటా కూడా అవుతుంది. ఫ్రెంచివాడు ఈ రెంటికీ రెండు వేరు మాటలు వాడక తప్పదు. తెలుగువాడు రెండవ అర్థాన్ని మాత్రమే తీసుకున్నాడు. భూమికోసం, కూలికోసం కొట్లాడినవాడికి అదే అవసరమైంది మరి.

ఇబ్న్ రుష్ద్ (1126-1198) కొర్దోవాలో ఖాజీగా పనిచేశాడు. ఆయన చిన్న గ్రంథం 'ఫస్ల్ అల్-మఖాల్' ఒక న్యాయ ప్రశ్నతో మొదలవుతుంది: తత్త్వవిచారం చేయడం ధర్మశాస్త్రం ప్రకారం అనుమతమా, నిషిద్ధమా, విధాయకమా? లియోన్ గోత్యే ఫ్రెంచి అనువాదం 1948 నాటి కూర్పు దీన్ని నిర్ణయాత్మకమైన 'గ్రంథం' అన్నది; 1996లో మార్క్ జ్యోఫ్రువా 'గ్రంథం' తీసేసి 'ప్రసంగం' అన్నాడు. ఇద్దరూ పండితులే. అయినా 'ఫస్ల్'లోని న్యాయస్థానపు వాసన ఫ్రెంచిలో పలచబడింది. ఇంగ్లీషుగుండా తెలుగులోకి వస్తే అది మరింత పలచబడి 'నిర్ణయాత్మక గ్రంథం' అనే చప్పని మాట మిగులుతుంది. నిజామాబాదు బజారులో ఎవరిని అడిగినా 'ఫైసలా' అంటే ఏమిటో చెబుతారు. 'ఫస్ల్', 'ఫైసలా' ఒకే ధాతువునుంచి పుట్టాయి: వేరు చేయడం, తెగగొట్టడం. అంటే ఖాజీ ఇచ్చిన తీర్పు అన్న ధ్వని ఫ్రెంచికంటే మన వాడుకలోనే బాగా నిలుస్తుంది. మన దగ్గర వున్న ఈ ధనం మనకే తెలియకపోవడం విచారకరం.

ఇక వ్యాకరణం. ఫ్రెంచిలో 'ఎత్ర్' అనే ఒకే క్రియ రెండు పనులు చేస్తుంది: 'అతను రైతు' అన్నప్పుడు రెండు మాటలను కలుపుతుంది, 'దేవుడు వున్నాడు' అన్నప్పుడు ఉనికిని చెబుతుంది. అరబ్బీలో అలాంటి క్రియ లేదు. గ్రీకు తత్త్వాన్ని అరబ్బీ చేసినవారికి ఇది పెద్ద అడ్డంకి అయింది. క్రీ.శ. 950లో మరణించిన అల్-ఫారాబీ తన 'కితాబ్ అల్-హురూఫ్'లో దీన్ని విపులంగా చర్చించాడు: గ్రీకులో, పారశీకంలో వున్న కలుపుమాట అరబ్బీలో లేదు కాబట్టి అనువాదకులు 'హువ' అనీ 'మౌజూద్' అనీ తెచ్చి పెట్టారన్నాడు. 'మౌజూద్' అంటే అసలు అర్థం 'దొరికినది'. ఉనికికి అరబ్బీ తత్త్వంలో 'దొరకడం' అనే నీడ ఎప్పుడూ వెంటాడుతూనే వుంది. ఆలోచననుంచి తన ఉనికిని నిరూపించుకున్న డెకార్ట్ వాక్యం అరబ్బీలో చాలాకాలంగా 'మౌజూద్'తోనే ముగుస్తూ వచ్చింది. మొరాకో తాత్త్వికుడు తాహా అబ్దుర్రహ్మాన్ 1995లో దీన్ని తప్పుపట్టి, చూడడం, కనుగొనడం అనే క్రియలతో అరబ్బీ స్వభావానికి తగిన వాక్యం కట్టాలని వాదించాడు. ఆయన పరిష్కారాన్ని ఒప్పుకోనివారున్నారు. అయినా సమస్య నిజమైనదేనని కాదనలేము.

తెలుగుకీ ఈ కలుపుక్రియ అక్కరలేదు. 'అతను రైతు' అంటే వాక్యం పూర్తయింది. అంటే ఈ విషయంలో మనం ఫ్రెంచికి దూరం, అరబ్బీకి దగ్గర. ఫారాబీ పడ్డ కష్టం మన కష్టమే. కాని మనం ఫారాబీని ఇంగ్లీషులో చదువుతాము. ఆ భాషలో ఆ కష్టమే లేదు కనుక ఆయన ఎందుకింత తంటాలు పడుతున్నాడో మనకి అర్థం కాదు. మూలభాష తెలిసిన అనువాదకుడు కావాలనడానికి ఇంతకంటే బలమైన కారణం ఏముంటుంది?

భాష తెలిస్తే చాలునా? చాలదు. ఇబ్న్ రుష్ద్ 'అఖ్ల్'ను 'బుద్ధి' అని తెలిగిస్తే సాంఖ్యం చదివినవాడు తప్పుదారి పడతాడు. సాంఖ్యంలో బుద్ధి ప్రకృతినుంచి పుట్టిన జడపదార్థం. ఇబ్న్ రుష్ద్ అఖ్ల్ భౌతికమైనది కాదు. 'నఫ్స్'ను 'ఆత్మ' అంటే వేదాంతం వచ్చి కూర్చుంటుంది. అరిస్టాటిల్ సంప్రదాయంలో మొక్కకూ నఫ్స్ వుంటుంది. అక్కడ 'ప్రాణం' అన్నమాటే నయం. ఏ మాట వాడినా దాని వెనుక వున్న దర్శనాన్ని ఎరిగి వాడాలి. తొమ్మిదవ శతాబ్దంలోనే అల్-జాహిజ్ తన 'కితాబ్ అల్-హయవాన్'లో ఈ సంగతి తేల్చాడు: రెండు భాషల్లో సమానమైన అధికారమే కాక, ఆ విషయంలో మూలకర్తతో సమానమైన జ్ఞానం వుంటేనే అనువాదకుడు నమ్మదగినవాడని ఆయన అభిప్రాయం. అలాంటివాడు అరుదని కూడా ఆయనకు తెలుసు.

అరుదైన ఈ మనిషికోసం చరిత్ర ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఒకరిలో లేని శక్తిని ఇద్దరిలో ముగ్గురిలో పంచి పని సాధించింది. క్రీ.శ. 873లో మరణించిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ బాగ్దాదులో కొడుకుతో, మేనల్లుడితో, శిష్యులతో కలిసి పనిచేశాడు. దొరికినన్ని రాతప్రతులు పోల్చి, పాఠం నిర్ణయించుకున్నాకే అనువాదానికి దిగేవాడు. పన్నెండవ శతాబ్దపు తొలేదోలో ఇబ్న్ సీనా 'ఆత్మశాస్త్రం' లాటిన్ చేసినప్పుడు ఇబ్న్ దావూద్ అనే యూదు పండితుడు అరబ్బీని చదివి మాటమాటగా వాడుకభాషలో చెప్పాడు. గుందిసాలినస్ అనే క్రైస్తవ పండితుడు దాన్ని లాటిన్‌లో రాశాడు. ఈ లాటిన్ మీదుగానే ఫ్రెంచి తాత్త్విక పరిభాష పెరిగింది. అరబ్బీలో 'అది ఏమిటి' అన్న ప్రశ్ననుంచి చేసిన 'మాహియ్య' లాటిన్‌లో అదే పద్ధతిలో కొత్తమాటగా పుట్టి, ఫ్రెంచిలో 'కిదితే' అయింది. మనం చెప్పుకోదలిస్తే 'ఏమిటితనం' అనవచ్చు. మొదట నవ్వు వస్తుంది. 'కిదితే' కూడా మొదట విన్నవారికి నవ్వు తెప్పించే వుంటుంది.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. 1888లో అక్కడ స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడమే పనిగా పెట్టుకుంది. ఫారాబీ లఘుగ్రంథాలు 1926లో, అబుల్ బరకాత్ అల్-బాగ్దాదీ 'కితాబ్ అల్-మూతబర్' 1938-39లో, ఇబ్న్ రుష్ద్ లఘుగ్రంథాలు 1947లో అక్కడినుంచే వెలువడ్డాయి. అబుల్ బరకాత్ మీద ష్లోమో పీనెస్ ఫ్రెంచిలో రాసిన ప్రసిద్ధ పరిశోధనలకు హైదరాబాదు అచ్చు ప్రతి ఆధారమైంది. బోధనులో యంత్రాలు చెరకు పిప్పి చేస్తున్న ఆ ఏళ్ళలోనే, అదే రాజ్యంలో అచ్చయిన అరబ్బీ తత్త్వగ్రంథం పారిస్ పండితుల బల్లమీదికి చేరింది. ఈ ప్రయాణం ఆ గ్రంథాలయంనుంచి నూరుమైళ్ళ దూరంలో వున్న మన తెలుగు పాఠకుడివరకు మాత్రం రాలేదు.

ఫ్రెంచినుంచి నేరుగా అనువదించినవారు కూడా హైదరాబాదులో వున్నారు. సయ్యద్ అలీ బిల్‌గ్రామీ (1851-1911) గుస్తావ్ ల బోఁ 1884లో రాసిన అరబ్బుల నాగరికతా గ్రంథాన్ని 'తమద్దునె అరబ్' పేర ఉర్దూ చేశాడు. అనేక భాషలు నేర్చిన బిల్‌గ్రామీ అనువాదశక్తి గొప్పది. కాని ఆయన ఎన్నుకున్న రచయిత ఎవరు? జాతుల మధ్య ఎక్కువ తక్కువలున్నాయని నమ్మినవాడు, జనసమూహమంటే భయపడినవాడు, ఆ భయానికి శాస్త్రం పేరు పెట్టినవాడు. అరబ్బులను మెచ్చుకున్నాడన్న ఒక్క కారణానికి ఉర్దూ పాఠకలోకం అతన్ని నెత్తికెత్తుకుంది. అనువాదకుడి నేర్పు వేరు, అతని ఎన్నిక వేరు. విమర్శకుడు రెంటినీ విడివిడిగా తూచాలి.

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయంకోసం ఏర్పడిన దారుల్ తర్జుమా మన దేశంలో అనువాదాన్ని జీతంమీద, క్రమపద్ధతిలో నడిపిన గొప్ప ప్రయత్నాల్లో ఒకటి. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని తొలిరోజుల్లో నడిపాడు. మిర్జా హాదీ రుస్వా, అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ వంటివారు అక్కడ తత్త్వశాస్త్ర గ్రంథాలమీద పనిచేశారు. పారిభాషిక పదాలను శాస్త్రజ్ఞులు, భాషావేత్తలు కలిసి కూర్చుని నిర్ణయించేవారు. ఆ అనుభవంనుంచే వహీదుద్దీన్ సలీం 1921లో 'వజె ఇస్తిలాహాత్' అనే గ్రంథం రాశాడు. అనువాదపు భాషను చూడడానికి నజ్మ్ తబాతబాయీ వంటి కవి వుండేవాడు. ఎర్నెస్ట్ రెనాఁ 1852లో ఫ్రెంచిలో ప్రకటించిన ఇబ్న్ రుష్ద్ అధ్యయనం 1929లో అక్కడినుంచే ఉర్దూలో వచ్చింది. ముల్లా సద్రా 'అస్ఫార్' అరబ్బీనుంచి ఉర్దూలోకి వచ్చింది. అనువాదకులు దొరకరనే మాటకు ఇంతకంటే సమాధానం అక్కరలేదు. జీతం, సహచరులు, గ్రంథాలయం, అచ్చుయంత్రం వున్నచోట వాళ్ళు తయారయ్యారు.

అయితే ఈ సంస్థను కీర్తించి ఊరుకుంటే మనం విమర్శకులం కాము. దాన్ని నిలబెట్టిన డబ్బు ఎవరిది? భూమి శిస్తు కట్టిన రైతుది. ఆ రైతుల్లో ఎక్కువమంది తెలుగువారు, మరాఠీవారు, కన్నడిగులు. దాని ఫలం ఎవరికి అందింది? ఉర్దూ చదువుకున్న కొద్దిమందికి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ స్థాపితమైన 1937లోనే ఆంధ్ర మహాసభ నిజామాబాదులో జరిగింది. మందుముల నరసింగరావు అధ్యక్షత వహించారు. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ ఉద్యమపు మౌలిక కోర్కెల్లో ఒకటి. ఆ అధ్యక్షుడే 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపినవారు. అంటే తెలుగువారు ఉర్దూతో పోరాడలేదు. తమ భాషకి తలుపు మూసిన పాలనతో పోరాడారు. అంతేకాదు, దారుల్ తర్జుమాలో భాషా పరీక్షకుడితోబాటు మతదృష్టితో పరీక్షించే ఉద్యోగి కూడా వుండేవాడు. తత్త్వగ్రంథాన్ని మతాధికారి గడపమీద నిలబెట్టే వ్యవస్థ పూర్తిగా స్వేచ్ఛగా ఆలోచించజాలదు. పైనుంచి కట్టిన ఆ భవనం 1948 తర్వాత, బోధనభాష మారగానే, తన పునాదిని పోగొట్టుకుంది. దాన్ని కాపాడమని అడిగే జనం దానికి లేరు.

ఆ కూలిన భవనంనుంచి ఒకడు పారిస్ చేరాడు. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, 1935లో సోర్బాన్ పట్టం పొందిన ముహమ్మద్ హమీదుల్లా, హైదరాబాదు వ్యవహారంపై 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన ప్రతినిధివర్గంలో వుండి, తర్వాత పారిస్‌లోనే నిలిచిపోయాడు. ఆయన ఖురాన్ ఫ్రెంచి అనువాదం 1959లో వెలువడింది. మూతజిలా తార్కికుడు అబుల్ హుసైన్ అల్-బస్రీ 'మూతమద్'ను పరిష్కరించి డమాస్కస్‌లో ప్రకటించాడు. ఆయన రాజకీయాలతో మనకి పొత్తు లేదు. కాని ఒక ఫ్రెంచి సంస్థ వెతుక్కోవలసిన అరబ్బీ-ఫ్రెంచి నిపుణుడు మన గడ్డమీద తయారయ్యాడన్న సత్యాన్ని ఆ విభేదం చెరిపివేయదు.

నిపుణుడు లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. మొరాకో చరిత్రకారుడు అబ్దల్లా లరూయీ 1967లో అరబ్బు భావజాలంమీద ఫ్రెంచిలో రాసిన గ్రంథం 1970లో అరబ్బీలోకి వచ్చింది. ఆ అనువాదంతో తృప్తిపడని రచయిత 1995లో తానే అరబ్బీలో తిరగరాశాడు. ఈ మధ్యలో పాతికేళ్ళు ఒక తరం విద్యార్థులు ఆ వాదాన్ని తామెరిగిందే అనుకుని పోట్లాడుకున్నారు. మరోవైపు, ఇబ్న్ రుష్ద్ 'ఆత్మశాస్త్ర' మహావ్యాఖ్య అరబ్బీ మూలం పూర్తిగా నిలవలేదు, లాటిన్‌లో బతికింది. ఆ లాటిన్‌నుంచి 1997లో ట్యునీషియాలో ఇబ్రాహీం అల్-గర్బీ దాన్ని అరబ్బీకి తెచ్చాడు. 1998లో అలెఁ ద లిబెరా అందులో మూడవ భాగాన్ని ఫ్రెంచి చేశాడు. తర్జుమా లేకపోతే అసలే మిగిలేది కాదు. 'అసలు' గొప్పది, 'నకలు' తక్కువది అనే మన అలవాటును ఈ ఒక్క ఉదాహరణ తలకిందులు చేస్తుంది.

ఆ వ్యాఖ్యలోని వాదం ఏమిటి? గ్రహించే బుద్ధి మనుషులందరికీ ఒక్కటేనని. 1270లోనూ 1277లోనూ పారిస్ బిషప్ ఖండించిన సిద్ధాంతాల్లో ఇది వుంది. దీన్ని చటుక్కున సామ్యవాదమని చెప్పడం తొందరపాటు. ఇబ్న్ రుష్ద్ తత్త్వాన్ని సామాన్యులకు విప్పి చెప్పరాదని కూడా అన్నాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఎలా అన్నాడన్నది అభ్యుదయ విద్యార్థి స్వయంగా తేల్చుకోవలసిన ప్రశ్న. మూలానికి దగ్గరగా వున్న తెలుగు పాఠం లేకుండా అతను దాన్ని ఎలా తేల్చుకుంటాడు?

తెలుగులో శక్తి లేక కాదు. బూర్గుల రామకృష్ణారావు పారశీకంనుంచి నేరుగా తెలిగించారు. నిజామాబాదు జైలులో బందీగా వున్న దాశరథి 'గాలిబ్ గీతాలు' ఇచ్చారు. పొరుగు ఆదిలాబాదు జిల్లా సామల సదాశివ 'అంజద్ రుబాయిలు' తెచ్చారు. అయితే ఇవన్నీ కవిత్వం. కవిత్వాన్ని ప్రేమతో ఒక్కడే చేయవచ్చు. శాస్త్రానికి సంస్థ కావాలి. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం తెలుగు అనువాదకులను జీతమిచ్చి పెట్టుకున్నప్పుడు తెలుగులో ఒక అనువాదకవర్గమే పుట్టింది. అక్కడ 1969నుంచి 1975వరకు పనిచేసిన రాచమల్లు రామచంద్రారెడ్డి ఆ అనుభవంతో 'అనువాద సమస్యలు' రాశారు. తెలుగులో అనువాదాన్ని శాస్త్రంగా చర్చించిన గ్రంథం అది. ఆ సంస్థ పోయాక అలాంటిదాన్ని మన ప్రభుత్వాలు గాని మన సంఘాలు గాని నిలబెట్టలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాలూ పదకోశాలూ ఇచ్చింది. అది మంచి పనే. కాని దాని దారి ప్రధానంగా ఇంగ్లీషుగుండానే సాగింది.

ఈనాడు మన ముందున్న వనరులు చూడండి. హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఒకే ఆవరణలో అరబ్బీనీ ఫ్రెంచినీ నేర్పుతున్నది. నిజామాబాదులో, బోధనులో మదరసాల్లో తర్కం, వ్యాకరణం అరబ్బీలో చదివినవారున్నారు. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడేవారు వాళ్ళు. గల్ఫుకు పోయి వచ్చిన కూలీ బిడ్డలు వేలాదిగా వున్నారు. అకామా మీద ఏం రాసివుందో, ఒప్పందంలో జీతం ఎంతని వుందో చదివి చెప్పేవాడు లేక మోసపోయినవారి కథలు ప్రతి ఊళ్ళోనూ వినవచ్చు. అరబ్బీ చదవగలిగిన తెలుగువాడు ఆ కూలీకి ఈ పూట అవసరం. ఫారాబీకి రేపు అవసరం. ఇవి రెండు వేరువేరు పనులని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. ఒప్పందపు కాగితంలో 'హఖ్ఖ్' మాటను సరిగా చదవగలిగినవాడే ఇబ్న్ రుష్ద్‌లోనూ దాన్ని సరిగా చదవడానికి మొదటి మెట్టు ఎక్కినవాడు.

చేయవలసింది అసాధ్యమైనది కాదు. తొలేదో పద్ధతి మనకి వుంది. అరబ్బీ తెలిసిన ఒకరు, ఫ్రెంచి తెలిసిన ఒకరు, తత్త్వశాస్త్రం చదివిన ఒకరు, తెలుగు వాక్యం రాయగల ఒకరు ఒక బల్లచుట్టూ కూర్చోవాలి. 'ఫస్ల్ అల్-మఖాల్' వంటి చిన్న గ్రంథంతో మొదలుపెట్టాలి. అరబ్బీ మూలం ముందుంచుకుని, రెండు ఫ్రెంచి అనువాదాలు పక్కన పెట్టుకుని, వాళ్ళిద్దరూ విభేదించినచోటల్లా ఎందుకు విభేదించారో తేల్చుకుంటూ పోవాలి. తేల్చుకున్న ప్రతి మాటనూ కారణంతో సహా రాసిపెట్టాలి. ఆ రాతలే తర్వాతివారికి పదకోశమవుతాయి. మన రచయితల సంఘం శాఖలు, కళాశాలల తెలుగుశాఖలు, ఉర్దూశాఖలు కలిసి ఈ పని నెత్తిన పెట్టుకోవాలి. పనిచేసినవారికి ప్రతిఫలం ఇవ్వాలి. అనువాదాన్ని సేవ అని పొగిడి కూలి ఎగవేయడం భూస్వామి అలవాటు. ఆ అలవాటు మన సంఘాల్లో వుండరాదు.

నిజాం కట్టిన తర్జుమాశాల రాజుతో పోయింది. మాస్కోలో కట్టినది ఆ రాజ్యంతో పోయింది. ప్రజల భాషలో, ప్రజల పూనికతో కట్టినది ఇంకా మన దగ్గర లేదు. దాన్ని కట్టినరోజున అనువాదకులెక్కడ అని ఎవరూ అడగరు.